దాదీ మూట విప్పిన రోజు

ఖమ్మంలో మా జర్మన్ క్లాసు ఒక టైర్ల షాపు పైన ఉండేది. కింద పొద్దంతా గాలి కొట్టే చప్పుడు, పైన మేము. మాలో ఎక్కువమంది నర్సులమే. పగలు దవాఖానాలో డ్యూటీ చేసి, సాయంత్రం ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చి కూర్చుని, చెంచా మగది, ఫోర్కు ఆడది, కత్తి రెండూ కాదు అని వల్లె వేసేవాళ్ళం. ఆ భాషలో ప్రతి వస్తువుకూ ఈ తేడా ఉంటుంది. మగవాటిని నీలం రంగులో, ఆడవాటిని ఎరుపులో, రెండూ కానివాటిని ఆకుపచ్చలో రాసిన చార్టులు గోడల నిండా ఉండేవి. చెంచా ఎందుకు మగదయిందని ఎవరైనా అడిగితే మేడమ్ నవ్వేవారు. నాకూ తెలియదు, బట్టీ పట్టండి అనేవారు.

మేడమ్‌ది ఖమ్మమే. జర్మనీలో ముసలివాళ్ళను చూసుకునే ఒక హోమ్‌లో చాలా ఏళ్ళు పనిచేసి, తిరిగి వచ్చి ఈ స్కూలు పెట్టారు. ఏడాదికోసారి కల్చరల్ ఫెస్టివల్ జరిపేవారు. అంతకుముందు ఏడాది అందరూ అట్టతో టోపీలు చేసుకుని జర్మన్ పండుగ వేషాలు వేశారట. నేను చేరిన ఏడాది ఆమె మనసు మార్చుకున్నారు. అక్కడ తనతో కలిసి పనిచేసిన ఒక పెద్దావిడ ఇండియా చూడడానికి వస్తోందనీ, ఆమెను స్కూలుకు తీసుకొస్తాననీ, వాళ్ళ టోపీలు వాళ్ళకే చూపించడం దేనికనీ అన్నారు. ఎవరింట్లో పండక్కి ఏం కట్టుకుంటారో అదే కట్టుకుని రావాలి. కిరాయి డ్రస్సులు తేవద్దు. వేసుకున్నదాని గురించి జర్మన్‌లో నాలుగు ముక్కలు మాట్లాడాలి.

నాకు వెంటనే దాదీ ఫేటియా గుర్తొచ్చింది.

మాది టేకులపల్లి దగ్గర లంబాడీ తండా. దాదీ అంటే మా నాన్నను కన్న తల్లి. ఫేటియా అంటే అద్దాలు, గవ్వలు కుట్టిన కుచ్చుల లంగా. దాని మీదికి వీపున దారాలతో ముడివేసుకునే రవికను కాంచళి అంటారు. మా అమ్మ తరం చీరలకు మారింది. నా తరం చుడీదార్లకు వచ్చేసింది. మా ఇంట్లో ఇప్పటికీ ఫేటియా కట్టేది దాదీ ఒక్కతే. ఆమె రోజూ కట్టేవి మామూలువి. అవి కాక ఒక మంచి జత ఉంది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి, తునికాకు కోసుకుని వచ్చిన మధ్యాహ్నాల్లో కొంచెం కొంచెంగా, మా నాన్నకు నడక వచ్చేదాకా కుట్టిందట. చిన్నప్పుడు తీజ్ పండక్కి ఆమె దాన్ని కట్టుకుని ఆడుతుంటే కుచ్చుల్లో దాక్కునేదాన్ని. అద్దాలు చెంపకు చల్లగా తగిలేవి.

ఆ వారం ఆఫ్ దొరకగానే ఇల్లందు మీదుగా ఇంటికి బయలుదేరాను. దాదీని అడగాలి, కట్టుకోవడం నేర్చుకోవాలి, దాని మీద నాలుగు వాక్యాలు రాసుకోవాలి. బస్సులో కూర్చుని లంగాను జర్మన్‌లో ఏమంటారో ఫోన్‌లో వెతికి చూశాను. ఆ మాట పక్కన నీలం రంగు గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది. లంగా మగదట. దాదీకి ఈ మాట చెప్పి నవ్వించాలనుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆ మంచి జత వాకిట్లో నులకమంచం మీద ఎండలో పరిచి ఉంది. నేనింకా అడగనే లేదు. నా సంగతి ఈమెకెలా తెలిసిందా అనుకుంటూ లోపలికి పోయాను. దాదీ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఒంటి మీద ఫేటియా ఉంది గాని కాంచళి లేదు. మా అమ్మ పాత జాకెట్టు, వదులుగా ఉన్నది, తొడుక్కుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆమెను జాకెట్టులో చూడలేదు నేను.

ఎందుకని అడిగితే ఉక్కపోతగా ఉందని అంది. అది ఉక్కపోత రోజులు కావు. కాంచళికి వీపంతా గాలే, ఉక్కపోస్తే దాన్ని విడిచి జాకెట్టు ఎవరు తొడుక్కుంటారు. దగ్గరికి పోయి చెయ్యి ఎత్తమన్నాను. ముందు విసుక్కుంది. నేను కదలకుండా నిలబడేసరికి మెల్లగా ఎత్తింది. ఎడమ చంక కింద, సరిగ్గా కాంచళి పట్టీ ఒరుసుకునే చోట, గడ్డ తగిలింది. నిమ్మకాయంత ఉంది.

మా ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఆమె మాటలను ఇక్కడ మా వైపు తెలుగులో రాస్తున్నాను.

"ఎన్ని రోజులైంది దాదీ?" అని అడిగాను.

"ఉన్నదిలే ఎప్పటిసందో. నొప్పి లేదు, ఏం లేదు."

నొప్పి లేదన్న మాటే నన్ను భయపెట్టింది. ఆడవాళ్ళకు చంకలో నొప్పి లేని గడ్డ అంటే నర్సుగా నాకు ఏమేం గుర్తొస్తాయో చెప్పలేను. మా వార్డులో అలా వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ కళ్ళ ముందు తిరిగారు. బయటికి వచ్చి నులకమంచం దగ్గర నిలబడ్డాను. దాదీ నా వెనకే వచ్చి ఎండకు కాగిన ఫేటియాను తిరగేసింది. అప్పుడు అంది, నా మొహం చూడకుండానే.

"మీ అమ్మకు చెప్పిన, నీకు గూడ చెప్తున్న. నేను పోయిన్నాడు నాకు ఇది కట్టుండ్రి. చీర గిట్ల కట్టకుండ్రి."

ఇక నేను స్కూలు సంగతి ఎత్తలేదు. లంగా మగది అన్న మాట కూడా చెప్పలేదు. నాన్న పొలం నుంచి రాగానే కూర్చోబెట్టి విషయం చెప్పాను. దాదీ ఎటూ రానంది. పెద్ద దవాఖానాకు పోయినోళ్ళు తిరిగి రారని ఆమె నమ్మకం. మా తండాలో ఒకరిద్దరికి అలాగే అయింది. నాన్న గొడవపడలేదు. పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. నువ్వు రాకుంటే నాకు నిద్ర పట్టదు యాడీ అన్నాడు. యాడి అంటే మా భాషలో అమ్మ. ఆమె లేచి చెప్పులు వెతుక్కుంది.

నేను పనిచేసే దవాఖానాలోనే సర్జన్‌కు చూపించాం. ఆయన చేత్తో నొక్కి చూసి, పెదవి విరచలేదు, భరోసా ఇవ్వలేదు. సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. శనివారం పొద్దున తీసుకురమ్మన్నారు. ఆ శనివారం మధ్యాహ్నమే మా స్కూల్లో ఫెస్టివల్.

ఆ మధ్య రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ల్యాబ్ మా వార్డు కిందే. రిపోర్టు వచ్చిందా అని అడగడానికి ఒక్క అంతస్తు దిగితే చాలు. దిగలేదు. ల్యాబ్‌లో పనిచేసే వాళ్ళు ఎదురైతే పక్కకు తప్పుకునేదాన్ని. సాయంత్రం క్లాసుకు పోయి కూర్చునేదాన్ని గాని చార్టులో రంగులు తప్ప మాటలు కనిపించేవి కావు. హాస్టల్లో నా రూమ్మేట్ ముదిగొండ పిల్ల. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్న కుటుంబం వాళ్ళది. నాతోపాటే నర్సు, నాతోపాటే జర్మన్. ఆమెకు ఒక్కదానికే సంగతి చెప్పాను. ఆమె తన పెట్టె తీసి, అక్క పెళ్ళికి కట్టిన పట్టుచీర బయట పెట్టింది. ఫెస్టివల్‌కు నువ్వు దీన్ని కట్టుకో, దాని మీద వాక్యాలు నేనే రాసిస్తాను, నువ్వు చదివితే చాలు అంది. రాసిచ్చింది కూడా. ఇది పట్టుచీర, దీని రంగు ఆకుపచ్చ, దీని అంచు బంగారు రంగు. వార్డులో సెలైన్ మారుస్తూ ఆ వాక్యాలు గొణుక్కునేదాన్ని. పోనీలే, ఒక దిగులు తీరిందనుకున్నాను.

శనివారం పొద్దున్నే బస్టాండుకు పోయాను. మొదటి బస్సులో నాన్న, దాదీ దిగారు. దాదీ చంకలో బట్టల మూట ఉంది. బరువుగా ఉన్నట్టుంది, ఒకవైపుకు ఒరిగి నడుస్తోంది. ఇలా తే అని అందుకున్నాను. అందుకోగానే లోపల గవ్వలు గలగలమన్నాయి. గుడ్డలోంచి అద్దాల అంచులు వేళ్ళకు గట్టిగా తగిలాయి. నాన్న వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. దవాఖానాలో తనకేమైనా అయితే దగ్గర ఉండాలని, ఊర్లో ఏదో చీర కొని చుట్టేస్తారేమోనని, ఆ జతను దాదీ వెంట తెచ్చుకుంది. మూట భుజానికి ఎత్తుకుని ఆటో పిలిచాను.

డాక్టరు గారి గది ముందు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. మూట నా ఒళ్ళో ఉంది. రోజూ ఆ తలుపు తోసుకుని లోపలికీ బయటికీ తిరిగేదాన్ని, ఆ రోజు పిలుపు వచ్చేదాకా దాన్ని తాకలేదు.

లోపలికి వెళ్ళాక డాక్టరు గారు మమ్మల్ని కూర్చోమనలేదు. మేము నిలబడి ఉండగానే చెప్పేశారు.

"భయపడకండి సిస్టర్. కొవ్వు గడ్డ. క్యాన్సర్ కాదు."

నాకు వినపడింది. మళ్ళీ అడిగాను. ఆయన మళ్ళీ చెప్పారు. ఇబ్బంది పెడితే చిన్న ఆపరేషన్ చేసి తీసేయొచ్చు, లేదంటే అలాగే ఉండనివ్వొచ్చు, వదులు రవిక వేసుకుంటే చాలు అన్నారు. ఎంతోమంది పేషెంట్ల బంధువులకు ఇలాంటి మాట నేనే చెప్పాను. అప్పుడు వాళ్ళు నన్ను మళ్ళీ మళ్ళీ ఎందుకు అడిగేవాళ్ళో ఆ రోజు అర్థమైంది. దాదీ నా కొంగు లాగింది, అంటే చున్నీ. ఏమన్నడు అని అడిగింది. నాన్నే చెప్పాడు, లంబాడీలో, మెల్లగా, ఒక్కొక్క మాట.

దాదీ చంక కింద చెయ్యి పెట్టి చూసుకుంది.

"కొవ్వా? జొన్నరొట్టెలు తిని బతికినదాన్ని. నాకు కొవ్వు యాడికెళ్లి వచ్చింది?"

ఏమంటోంది అని డాక్టరు గారు అడిగారు. చెప్పాను. ఆయన నవ్వి, కాస్త తక్కువ తినమను అన్నారు. దాదీకి ఆ మాట చెప్పలేదు.

కింద క్యాంటీన్‌కు వచ్చాం. నాన్న మమ్మల్ని కూర్చోబెట్టి ఇప్పుడే వస్తానని పోయాడు. గాజు తలుపులోంచి కనిపిస్తున్నాడు, బండ్లు పెట్టే చోట గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. కాసేపటికి మొహం కడుక్కుని, తడి తుడుచుకోకుండానే వచ్చి ఇడ్లీలు చెప్పాడు. దాదీ తన ప్లేటు ఖాళీ చేసి నా ప్లేటు వైపు చూసింది. నాది కూడా ఇచ్చేశాను. తినేవాళ్ళను చూస్తూ కూర్చోవడం అంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

టీ తాగుతుంటే రూమ్మేట్ ఫోన్ చేసింది. విషయం చెప్పాను. అటువైపు ఆమె ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. అయితే జల్దీ రా, చీర ఇస్త్రీ చేసి పెట్టాను, టైమవుతోంది అంది. దేనికి టైమవుతోందని నాన్న అడిగాడు. స్కూల్లో పండుగనీ, ఎవరింట్లో పండక్కి కట్టేవి వాళ్ళు కట్టుకుని పోవాలనీ, నేను రూమ్మేట్ చీర కట్టుకుంటున్నాననీ చెప్పాను. చెప్పాక తెలిసింది, ఏం చెప్పానో. నాన్న నా ఒళ్ళోని మూట వైపు చూశాడు. దాదీ నా వైపు చూసింది.

"ఆమె చీర ఆమె ఇంట్ల పండక్కి. మన ఇంట్ల పండక్కి చీర కడ్తమా?"

"నిన్ను అడగబుద్ధి కాలేదు దాదీ."

"అవ్, అప్పుడు అడిగితే ఇయ్యకపోదును. ఇప్పుడు నాకేం పని దానితోని?"

అని టీ గ్లాసు పక్కన పెట్టి, క్యాంటీన్ బల్ల మీదే మూట ముడి విప్పబోయింది. హాస్టల్‌కు పోయి విప్పుకుందామని బతిమాలాల్సి వచ్చింది.

నాన్నను కింద కూర్చోబెట్టి, వార్డెన్‌కు చెప్పి, దాదీని గదికి తీసుకుపోయాను. రూమ్మేట్ అప్పటికే తన లంగావోణీ కట్టుకుని, జడ వేసుకుంటోంది. దాదీ మూట విప్పి ఫేటియా దులిపింది. కిటికీలోంచి ఎండ పడి, గోడ మీద, పైకప్పు మీద, రూమ్మేట్ మొహం మీద చిన్న చిన్న వెలుగులు పరుగెత్తాయి. వేపాకుల వాసన వచ్చింది. రూమ్మేట్ జడ సగంలో వదిలేసి దగ్గరికి వచ్చి, ఒక్కొక్క అద్దం చుట్టూ ఉన్న కుట్టును వేలితో తడిమింది.

"ఇదంతా మీరే కుట్టారా నానమ్మా?"

ఇంకెవరు కుడతారన్నట్టు చూసింది దాదీ. తెలుగులో ఆమెకు మాటలు తక్కువ. చూపులతో పని కానిచ్చేస్తుంది.

ఫేటియా కట్టడం అంత సులువు కాదు. నాడా గట్టిగా బిగించకపోతే ఆ బరువుకు కిందికి జారుతుంది. బిగిస్తే ఊపిరాడదు. దాదీ మోకాలు నా నడుముకు ఆనించి మరీ లాగింది. కాంచళి నాకు సరిపోతుందా అని భయపడ్డాను. దాదీ ఇప్పుడు లావుగా ఉంటుంది. కాని అది కుట్టుకున్నప్పుడు ఆమెకు నాకంటే చిన్న వయసు. నా కొలతలు తీసి కుట్టినట్టు కూర్చుంది. వీపు మీద దారాలు రూమ్మేట్ ముడివేసింది. మొదటి ముడి వదులైందని దాదీ విప్పించింది, రెండోది ఒప్పుకుంది. వీపంతా గాలి తగులుతుంటే నాకు సిగ్గనిపించింది. తల మీదుగా టుక్రి, అంటే అద్దాల అంచున్న పైగుడ్డ, కప్పాక సర్దుకుంది. మూటలో గాజులు కూడా ఉన్నాయి. మోచేతి కిందవి ఒక్కొక్కటే నా చేతులకు ఎక్కించింది. మోచేతి పైవి పెళ్ళయినవాళ్ళవి, అవి నీకిప్పుడు కాదని పక్కన పెట్టింది.

రూమ్మేట్ అద్దం ముందుకు లాక్కుపోయింది. అద్దంలో ఎవరో తీజ్ పండక్కి వచ్చిన పిల్ల నిలబడి ఉంది. దాదీ నన్ను చుట్టూ తిరిగి చూసి, కుచ్చులు ఒకచోట సరిచేసి, మంచం మీద కూర్చుంది. అప్పుడు చెప్పాను, ఆ రోజు బస్సులో దాచుకున్న మాట. ఆ దేశం భాషలో దీన్ని మగది అంటారు దాదీ అని.

"ఫేటియానా?"

"అవ్. కాంచళి మాత్రం ఆడదే."

ఆమె తన టుక్రి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. అదేందో రూమ్మేట్‌కు అర్థం కాలేదు గాని ఆమె కూడా నవ్వింది. గడ్డ కనిపించిన రోజు నుంచి దాదీ నవ్వగా చూడడం అదే మొదలు.

టైర్ల షాపు పక్క మెట్లు ఒక మనిషికి సరిపోయేంత ఉంటాయి. ఫేటియా ఇద్దరి చోటు తీసుకుంటుంది. కుచ్చులు రెండు చేతులా ఎత్తిపట్టుకుని పక్కకు తిరిగి ఎక్కాను. నా వెనక దాదీ, ఆమె వెనక నాన్న. షాపు కుర్రాళ్ళు పని ఆపి చూశారు. ఒకతను దాదీ ఎక్కేటప్పుడు రైలింగ్ దగ్గరున్న టైరు పక్కకు జరిపాడు.

పైన గది మారిపోయి ఉంది. చార్టుల మీద బంతిపూల దండలు వేలాడదీశారు. పట్టుచీరలు, లంగావోణీలు, పంచెకట్లు. చర్ల వైపు అడవి పల్లె నుంచి వచ్చి మాతో చదివే కోయ అబ్బాయి డోలు తెచ్చుకున్నాడు. మేడమ్ నన్ను చూసి, పట్టుచీర అన్నావు కదా అన్నారు. మనసు మారిందని చెప్పాను. ఆమె నా వెనక నిలబడిన దాదీని చూసి, ముందు వరసలో జర్మన్ పెద్దావిడ పక్కన కుర్చీ చూపించారు.

ఆ పెద్దావిడ పొడుగ్గా, తెల్లటి పొట్టి జుట్టుతో, మోకాలికి పట్టీ వేసుకుని ఉంది. దాదీ కూర్చోగానే ఆ పట్టీ చూసింది. తన మోకాలు చూపించి తట్టుకుంది. ఆవిడ తల ఊపి తన మోకాలు తట్టుకుంది. తర్వాత ఇద్దరూ మెట్లవైపు చెయ్యి చూపించి మొహాలు చిట్లించుకున్నారు. వేదిక మీద ఏం జరిగినా వాళ్ళ ఈ మాటామంతీ సాగుతూనే ఉంది.

నా వంతు వచ్చేదాకా నాకు గుర్తే లేదు, నా దగ్గర ఉన్న వాక్యాలన్నీ పట్టుచీర మీదవని. ముందుకు పోయి నిలబడ్డాక గుర్తొచ్చింది. ఆకుపచ్చ రంగు, బంగారు అంచు. ఒక్క ముక్క పనికిరాదు. రూమ్మేట్ వైపు చూశాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఆమెకూ అప్పుడే తట్టింది.

తెలిసిన మాటలు ఏరుకుని మొదలుపెట్టాను. ఇది లంగా అన్నాను, ఆడదాన్ని చేసి చెప్పాను. మేడమ్ పక్క నుంచి సరిదిద్దారు. గది నవ్వింది, నేనూ నవ్వాను. ఇందులో అద్దాలున్నాయి అన్నాను. ఇది చాలా బరువు అన్నాను. మా నాయనమ్మ కుట్టింది అన్నాను. జర్మన్‌లో నాయనమ్మను ఓమా అంటారు. ఆ మాట వినగానే పెద్దావిడ దాదీ వైపు తిరిగి చూసింది. అక్కడితో నాకు వచ్చిన మాటలు అయిపోయాయి. దిగిపోవచ్చు. కాని నోట్లోంచి ఇంకో వాక్యం వచ్చింది. అది బట్ట గురించి కాదు, ఎవరూ అడిగింది కాదు.

"మైనె ఓమా ఇస్ట్ గెజుంట్."

మా నాయనమ్మ ఆరోగ్యంగా ఉంది. నర్సులకు మొదటి వారంలోనే నేర్పే మాట అది. పేషెంటు ఆరోగ్యంగా ఉన్నాడు, పేషెంటు ఆరోగ్యంగా లేడు అని ఎన్నోసార్లు చదివాం. ఫెస్టివల్‌లో ఇదెందుకు చెబుతోందని కొందరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రూమ్మేట్ చప్పట్లు కొట్టింది. వెనక నిలబడ్డ నాన్న, భాష రాకపోయినా, ఆమెను చూసి తనూ కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. నేను దిగి వచ్చి దాదీ పక్కన కూర్చున్నాను.

"ఏం చెప్పినవ్?" అని అడిగింది.

"నువ్వు మంచిగున్నవని చెప్పిన."

"గంతేనా? గీ మాట చెప్పనీకి గింత కష్టపడ్డవా?"

పెద్దావిడ వంగి దాదీ చెయ్యి పట్టుకుని ఏదో అంది. అంత త్వరగా పలికితే నేను కూడా పట్టుకోలేను. కుట్టు చాలా బాగుందని అంటోందని మేడమ్ చెప్పారు. దాదీ తల ఊపి, ఈమెకు కాళ్ళ నొప్పులకు ఆముదం కాచి రాసుకోమని చెప్పు అంది. మేడమ్ చెప్పారు. ఆముదాన్ని జర్మన్‌లో ఏమంటారో నాకు ఆ రోజే తెలిసింది.

కార్యక్రమం అయ్యాక కోయ అబ్బాయి డోలు అందుకున్నాడు. దానికి ఎవరికి తోచిన అడుగు వాళ్ళు వేశారు. నేనూ వేశాను. ఫేటియా తిరిగినప్పుడల్లా బంతిపూల మీద వెలుగులు తిరిగాయి. పులిహోర తింటుంటే పసుపు మరక ఒకటి కుచ్చు మీద పడింది. దాదీ చూసి, ఉతికితే పోతది అంది. అంత తేలిగ్గా అంటుందని అనుకోలేదు.

సాయంత్రం హాస్టల్‌లో బట్టలు మార్చుకుని ఫేటియా మడిచి ఇచ్చాను. కొన్నాళ్ళు నా దగ్గర ఉండనీ అందామనిపించింది. అడిగాను కూడా. దాదీ ఒప్పుకోలేదు. ఎండాకాలంలో మేనత్త కొడుకు పెళ్ళి ఉంది, దానికి తనే కట్టుకుంటానంది. కాంచళి సంగతేమిటని అడిగితే, పట్టీ విప్పి కొంచెం వదులు చేసి కుట్టుకుంటానని, గడ్డ దారిన గడ్డ ఉంటదని చెప్పింది.

బస్టాండులో ఇల్లందు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దాదీకి కిటికీ సీటు కావాలి. అక్కడ కూర్చున్న పిల్లను నాన్న అడిగి లేపాడు. మూట ఒళ్ళో పెట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా ఆమె నా వైపు చూడనే లేదు, పండ్ల బండ్లు చూస్తోంది.

నేను నడుచుకుంటూ హాస్టల్‌కు వచ్చాను. నడుము చుట్టూ నాడా గుర్తు ఎర్రగా కందిపోయి ఉంది. మంచం మీద పడుకోగానే నిద్ర పట్టింది. రూమ్మేట్ అన్నానికి లేపిందట. నాకు తెలియదు.